బోర్డు పోయిందని నమ్మే ముందు మెనూ నొక్కి చూడండి

ప్రశ్న: నరసరావుపేటలో పోటీ పరీక్షలకు చిన్న కోచింగ్ సెంటర్ నడుపుతున్నాను. మేడ మీద రేకుల షెడ్డులో క్లాసులు. మూడేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒక ఆఫీసు ఖాళీ చేస్తుంటే వాళ్ళ ప్రొజెక్టరు సెకండ్‌హ్యాండ్‌లో కొని పైకప్పుకు బిగించాం. నిరుడు హాలు పెంచాక తెరను కూడా ఏడడుగుల వెడల్పు నుంచి పదడుగులకు మార్చాం. ఈ వేసవిలో మధ్యాహ్నం క్లాసు మొదలై అరగంట కాకముందే ఎర్రలైటు వెలిగి దానంతటదే ఆగిపోతోంది. సాయంత్రం బ్యాచికి మాత్రం ఆగదు. బొమ్మ వెలుగు బాగా తగ్గింది. పాత డెస్క్‌టాప్ పెడితే అంతా పసుపు రంగుగా కనిపిస్తోంది. కొత్తగా చేరిన సారు తన లాప్‌టాప్ పెడితే 'నో సిగ్నల్' అంటుంది, లేదంటే బొమ్మ వచ్చి మినుకుమని పోతుంది. గుంటూరు నుంచి వచ్చిన మెకానిక్ ల్యాంపూ పోయింది, బోర్డూ పోయింది, పదహారు వేలవుతుంది అన్నాడు. అందులో సగానికే ఆన్‌లైన్‌లో 9,000 ల్యూమెన్ల (వెలుగు కొలత) కొత్తది వస్తోందని మా బావమరిది అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

తా.క. ఆదివారం క్రికెట్ చూద్దామని ప్రొజెక్టరు దించి ఇంట్లో బల్ల మీద పెడితే బొమ్మ తలకిందులుగా పడింది. ఇదీ బోర్డు జబ్బేనా?

— ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మాస్టారూ, ఆ పదహారు వేలూ ఇప్పుడే ఇవ్వకండి. మీ బావమరిది చెప్పిన ఎనిమిది వేలూ తగలెయ్యకండి. మీరు అన్నీ కలిపి ఒకే జబ్బుగా రాశారు గానీ, ఉత్తరంలో ఉన్నవి నాలుగు వేర్వేరు తగాదాలు. వేడిది ఒకటి, వెలుగుది ఒకటి, రంగుది ఒకటి, సిగ్నల్‌ది ఒకటి. దేని దారి దానిదే. వీటిలో రెండింటికి ప్రొజెక్టరు లోపలి సామానుతో సంబంధమే లేకపోవచ్చు. మెకానిక్ అబద్ధమాడాడని అనను. నిచ్చెనెక్కి, వెలుగు తగ్గిన పసుపు బొమ్మా, ఎర్రలైటూ చూసి, ఎక్కువగా పోయే రెండు భాగాల పేర్లు చెప్పాడు. విప్పి చూశాడని మీరు రాయలేదు. విప్పకుండా బోర్డు పోయిందని చెప్పడం కష్టం.

ముందుగా చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేనిది. ప్రొజెక్టరు ఆన్ చేసి, కేబుళ్ళన్నీ పీకేసి, రిమోట్‌లో మెనూ బటన్ నొక్కండి. తెర మీద పడే ఆ మెనూ ఏ కంప్యూటర్ నుంచీ వచ్చేది కాదు, ప్రొజెక్టరు తనంతట తాను గీసుకునేది. కాబట్టి అది పెద్ద సాక్షి. మెనూ అక్షరాలు శుభ్రంగా తెల్లగా ఉండి, డెస్క్‌టాప్ బొమ్మ మాత్రమే పసుపుగా ఉంటే తప్పు కేబుల్‌ది, లేదా డెస్క్‌టాప్‌ది. మెనూ కూడా పసుపు తిరిగి ఉంటే తప్పు లోపల. మెనూ పదునుగా ఉండి కంప్యూటర్ బొమ్మ మాత్రం అలుక్కుపోయినట్టుంటే రిజల్యూషన్ (బొమ్మలోని చుక్కల లెక్క) కుదరలేదని అర్థం. రెండూ మసకగా ఉంటే ఫోకస్ రింగు కదిలి ఉండాలి, లేదా లెన్సు మీద దుమ్ము ఉండాలి. 'టెస్ట్ ప్యాటర్న్' ఉన్న మోడల్ అయితే మరీ మంచిది, తెల్లతెర మొత్తం వేసి చూడొచ్చు. ఆ తెల్లతెరను ఫోన్‌తో ఒక ఫొటో తీసి దాచుకోండి. రేపు ఏ మెకానిక్ వచ్చినా ముందు అది చూపించొచ్చు.

పసుపు సంగతికి వస్తాను. మీ పాత డెస్క్‌టాప్‌కు ఉన్నది నీలం మూతి వీజీఏ కేబులే అయ్యుంటుంది. అందులో 15 పిన్నులుంటాయి. మొదటి మూడింట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ప్రయాణం చేస్తాయి. మూడో పిన్ను వంగినా, విరిగినా, సాకెట్‌లో వదులుగా కూర్చున్నా నీలం రంగు ప్రొజెక్టరుకు చేరదు. తెలుపులోంచి నీలం తీసేస్తే మిగిలేది పసుపే. ఆకుపచ్చ పోతే తెరంతా ముదురు గులాబీ అవుతుంది, ఎరుపు పోతే నెమలికంఠం రంగులోకి తిరుగుతుంది. మూతిని వెలుతురుకు పెట్టి చూడండి. వరుసకు ఐదు చొప్పున మూడు వరుసలు కనిపిస్తాయి. మధ్య వరుసలో ఒకటి ఖాళీగా ఉంటే కంగారు పడొద్దు. అది 9వ పిన్ను, చాలా కేబుళ్ళకు పుట్టుకతోనే ఉండదు. వంగిన పిన్ను ఉంటే సన్నటి ట్వీజర్‌తో నెమ్మదిగా నిలబెట్టొచ్చు, కానీ ఒకసారి వంగినది మళ్ళీ విరిగే రకమే. కొత్త కేబుల్ కొని, ఈసారి మూతికి రెండు పక్కలా ఉన్న స్క్రూలు బిగించండి. సగం వీజీఏ సమస్యలు ఆ స్క్రూలు బిగించక వచ్చేవే. గుచ్చి వదిలేస్తారు, ఎవరో కాలితో తన్నుతారు, పిన్ను వంగుతుంది.

మెనూ కూడా పసుపుగానే ఉంటే కథ వేరు. అప్పుడు మీది ఏ రకం ప్రొజెక్టరో తెలుసుకోవాలి. తెల్లబొమ్మ వేసి, లెన్సుకు ఒక అడుగు ముందు వేళ్ళు విప్పి చెయ్యి గబగబా ఊపండి. తెర మీద వేళ్ళ నీడల అంచుల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చారలు విడిపోయి కనిపిస్తే అది డీఎల్‌పీ. అందులో ఒక రంగుల చక్రం గిర్రున తిరుగుతూ రంగుల్ని ఒకదాని వెనక ఒకటి పంపుతుంటుంది. చారలు లేకుండా మామూలు నీడ పడితే ఎల్‌సీడీ. ఎల్‌సీడీ రకంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలానికి మూడు వేర్వేరు ప్యానెళ్ళుంటాయి. ఏళ్ళ తరబడి వేడికి ముందుగా దెబ్బతినేది తరచుగా నీలం దారిలో ఉన్న ప్యానెలో, దానికుండే పోలరైజరు అనే పలచటి పొరో. అప్పుడు తెర మీద పసుపు మరకలు దేశాల మ్యాపులా అక్కడక్కడా తేలతాయి. అలాంటి మరకలుంటే ఆ యంత్రం మీద ఇక పెద్ద డబ్బు పెట్టొద్దు. డీఎల్‌పీలో పసుపు తిరిగితే ముసలి ల్యాంపునో, రంగుల చక్రాన్నో అనుమానించాలి. చక్రం బేరింగు అరిగితే ఆన్ చెయ్యగానే కీచుమని సన్నటి అరుపు కూడా వినిపిస్తుంది. తెర మీద చుక్కల్లా తెల్లటి మచ్చలు ఎక్కువవుతుంటే అది డీఎల్‌పీ చిప్పులోని చిన్న అద్దాలు ఇరుక్కుపోవడం. అద్దాలను బాగుచెయ్యలేరు, చిప్పు మార్చాల్సిందే.

కొత్త సారు లాప్‌టాప్‌లో 'నో సిగ్నల్' రావడానికి మీరు కేబుల్ పొడవు ఎంతో రాయలేదు గానీ నేను ఊహించగలను. పైకప్పు మధ్య నుంచి గోడదాకా, గోడవెంట కిందికి, అక్కణ్ణుంచి సారు బల్లకు అంటే పదిహేను మీటర్లకు తగ్గదు. వీజీఏ అంత దూరం పోతే బొమ్మ కొంచెం మెత్తబడుతుంది, నీడలు పడతాయి, కానీ వస్తుంది. కొత్త లాప్‌టాప్‌లకు ఉండే హెచ్‌డీఎంఐ అలా కాదు. వస్తే పూర్తిగా వస్తుంది, లేదంటే చుక్కలు మెరిసి, మినుకుమని, మొత్తం పోతుంది. మీరు రాసిన లక్షణం అచ్చంగా అదే. నిర్ధారించుకోవడం తేలిక. లాప్‌టాప్‌ను నిచ్చెన మీదికి తీసుకెళ్ళి (ఇద్దరు పట్టుకోండి) మీటరున్నర పొట్టి కేబుల్‌తో నేరుగా ప్రొజెక్టరుకు పెట్టండి. బొమ్మ నిలకడగా ఉంటే మీ పొడవాటి కేబులే దొంగ. నిచ్చెన వద్దనుకుంటే ఇంకో దారుంది. లాప్‌టాప్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 1280 బై 720కి దించి చూడండి. మినుకు ఆగిపోతే కేబుల్ అంత డేటా మొయ్యలేకపోతోందన్నమాట. ఆ దూరానికి మందపాటి రాగి తీగల మంచి కేబుల్ కావాలి, లేదా సిగ్నల్‌కు బలమిచ్చే చిప్పు లోపలే ఉన్న యాక్టివ్ కేబుల్. యాక్టివ్ రకానికి దిశ ఉంటుంది. ఒక మూతి మీద సోర్స్ అని, రెండోదాని మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. తిరగేసి పైపులో దూర్చేశాక బొమ్మ రాలేదని తలపట్టుకునే వాళ్ళను చాలామందినే చూశాను. గోడలోకి పంపే ముందు నేల మీద పరిచి ఒకసారి ఆడించి చూడండి.

పొట్టి కేబుల్‌తో కూడా రాకపోతే అప్పుడు లాప్‌టాప్ వైపు చూడాలి. ప్రొజెక్టరు రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి సరైన హెచ్‌డీఎంఐ ఎంచుకున్నారా? లాప్‌టాప్‌లో విండోస్ కీ, 'పీ' కలిపి నొక్కితే నాలుగు దారులు చూపిస్తుంది, అందులో 'డూప్లికేట్' ఎంచుకోమనండి. 'పీసీ స్క్రీన్ ఓన్లీ' ఉంటే ప్రొజెక్టరుకు ఏమీ పోదు. 'ఎక్స్‌టెండ్' ఉంటే తెర మీద ఖాళీ వాల్‌పేపర్ కనిపిస్తుంది, పాఠం మాత్రం సారు దగ్గరే ఉండిపోతుంది. కొత్త లాప్‌టాప్‌లలో ఇంకో తిరకాసుంది. టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన అందులోంచి బొమ్మ వస్తుందని లేదు. కొన్ని ఛార్జింగుకూ ఫైళ్ళకూ మాత్రమే పనికొస్తాయి. లాప్‌టాప్ కంపెనీ స్పెసిఫికేషన్లలో ఆ పోర్టుకు 'డిస్‌ప్లేపోర్ట్' ఉందో లేదో చూడాలి. కన్వర్టర్లు కొనేటప్పుడూ జాగ్రత్త. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది వేరు, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరు. రెండూ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి, ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు. కొట్టువాడికి లాప్‌టాప్‌కు ఏముంది, ప్రొజెక్టరుకు ఏముంది అని రెండూ చెప్పి తీసుకోండి.

ఇక ఎర్రలైటు. మీ ఇబ్బందులన్నిట్లో తొందరగా చూడాల్సింది ఇదే. మధ్యాహ్నం ఆగుతుంది, సాయంత్రం ఆగదు అని మీరు రాసిన మాటలోనే దాదాపు జవాబుంది. అది చెడిపోయి ఆగడం లేదు, చెడిపోకుండా ఉండాలని ఆగుతోంది. చాలా ప్రొజెక్టర్ల మాన్యువల్‌లో గది వేడి 35 డిగ్రీలు మించకూడదని, కొన్నింట్లో 40 అని ఉంటుంది. పల్నాడు ఎండల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, రెంటచింతల మీ జిల్లాలోనే ఉంది. బయట 42 ఉన్న రోజున రేకు కింద, అందులోనూ వేడిగాలి పేరుకునే పైకప్పు దగ్గర ఎంతుంటుందో ఒక థర్మామీటర్ వేలాడదీసి చూడండి. కింద కూర్చున్న పిల్లలకు తెలిసే వేడి వేరు, ఆ పెట్టె పీల్చే వేడి వేరు. దానికి తోడు లోపల 200 వాట్ల చుట్టూ మండే ల్యాంపు. అంత వేడిలో అరగంట నడిచిందంటే దాన్ని మెచ్చుకోవాలి.

అయినా నిర్ధారించుకోండి. ఎర్రగా వెలిగేది 'టెంప్' అని రాసి ఉన్న లైటా, 'ల్యాంప్' అని రాసి ఉన్నదా? నిలకడగా వెలుగుతోందా, ఆరి వెలుగుతోందా? ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. వెనక స్టిక్కరు మీద ఉన్న మోడల్ నంబరుతో వెతికితే కంపెనీ సైటులో మాన్యువల్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో లైట్ల పట్టిక ఉంటుంది. ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి షెడ్డు గోడకు అంటించండి.

తర్వాత ఫిల్టరు. మూడేళ్ళలో ఎవరైనా తీశారా? మీరు రాయలేదు కాబట్టి తీయలేదనే అనుకుంటున్నాను. ప్రొజెక్టరు ఆపి, ఫ్యాను పూర్తిగా నిలిచాక, ప్లగ్గు పీకి, పక్కనున్న జాలీ మూత జరపండి. లోపల స్పాంజి లాంటి పలచటి మెత్త వస్తుంది. సుద్దముక్కలు వాడే క్లాసులో దాని మీద బూడిద రంగు దుమ్ముతో పాటు తెల్లటి పిండి అట్టకట్టి ఉంటుంది. గోటితో గీస్తే పొరలా లేస్తుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని మేడమెట్లు ఎక్కినట్టుంటుంది దాని పరిస్థితి. మెత్తటి బ్రష్షుతో దులపండి, లేదా వాక్యూమ్ క్లీనర్‌ను తక్కువ వేగంలో పెట్టి పీల్చండి. కడగొచ్చని మాన్యువల్‌లో ఉంటేనే కడగండి, కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టండి. చిరిగిపోయి ఉంటే కొత్తది తెప్పించుకోండి. మన వాళ్ళు చేసే ఒక పని మాత్రం వద్దు. పంచరు షాపుకు తీసుకెళ్ళి కంప్రెసర్ గాలి కొట్టించడం. ఆ ఒత్తిడికి దుమ్ము బయటికి పోదు, లెన్సుల మధ్యకూ ప్యానెళ్ళ మీదికీ చేరి తెర మీద శాశ్వతమైన మచ్చలవుతుంది. ఆ గాలిలో నీటి తుంపర, నూనె కూడా ఉంటాయి. గాలి వచ్చే జాలీల్లో సాలెగూళ్ళు, చచ్చిన బల్లి లాంటివి ఉంటే తీసెయ్యండి. రేకుల షెడ్డులో ఇవి మామూలే. వీలైతే సుద్దముక్కల బోర్డు మానేసి మార్కర్ బోర్డు పెట్టండి, ఫిల్టరుతో పాటు మీ గొంతు కూడా బాగుపడుతుంది.

ఫిల్టరు శుభ్రం చేశాకా మధ్యాహ్నం ఆగుతుంటే ప్రొజెక్టరును కిందికి దించాలి. బిగించిన పైపును రెండు మూడు అడుగులు పొడిగిస్తే రేకు వేడికి దూరమవుతుంది. తెర పై అంచుకు దగ్గర ఎత్తులోకి వస్తుంది కాబట్టి బొమ్మ కూడా వంకర లేకుండా దీర్ఘచతురస్రంగా కుదురుకుంటుంది. అప్పుడు కీస్టోన్ (వంకర బొమ్మను దిద్దే సెట్టింగు) అంతగా వాడక్కర్లేదు. కీస్టోన్ ఎక్కువ వాడితే అక్షరాల పదును పోతుందని గుర్తుంచుకోండి, అది బొమ్మను లోపలే నొక్కి సాగదీసి దిద్దుతుంది. వేడిగాలి వదిలే వైపు గోడ గానీ స్పీకరు గానీ అడ్డం లేకుండా కనీసం అడుగు జాగా వదలండి. మెనూలో ల్యాంపును 'ఈకో'లో పెడితే వెలుగు కొంత తగ్గుతుంది కానీ వేడీ తగ్గుతుంది, ల్యాంపూ ఎక్కువ కాలం వస్తుంది. 'హై ఆల్టిట్యూడ్ మోడ్' అని ఒకటి కనిపిస్తుంది. అది సాధారణంగా 1,500 మీటర్ల పైన, గాలి పలచగా ఉండే చోట్ల కోసం. అరకు లోయకే అది అక్కర్లేదు, నరసరావుపేట సంగతి చెప్పేదేముంది. ఫ్యాను వేగం పెరుగుతుందని కొందరు మెకానిక్‌లు దాన్ని ఆన్ చేసి పోతుంటారు. చప్పుడు పెరుగుతుంది తప్ప, మూసుకుపోయిన ఫిల్టరుతో దానివల్ల ఒరిగేది లేదు. ఇంకొందరు వేడి సెన్సరునే తప్పించి తీగలు కలిపేస్తామంటారు. వాళ్ళను షెడ్డులోకి రానివ్వకండి. పైకప్పు మీద, పిల్లల తలల పైన, వేడి ఎంతైనా ఆగని యంత్రం ఉండకూడదు.

కరెంటు పోవడం కూడా ఇక్కడే చెప్పాలి. ల్యాంపు బాగా కాగి ఉండగా కరెంటు పోతే ఫ్యాను కూడా ఆగిపోతుంది, ఆ వేడంతా లోపలే ఉడుకుతుంది. కరెంటు రాగానే పిల్లలు వెంటనే బటన్ నొక్కితే వెలగదు. వేడి మీదున్న ఈ రకం ల్యాంపు చల్లారితే గానీ మళ్ళీ అంటుకోదు. అలా వేసవంతా జరిగితే ల్యాంపు ఆయుష్షు తగ్గుతుంది. ప్రొజెక్టరు వరకు ఒక యూపీఎస్ పెట్టండి. క్లాసంతా నడపక్కర్లేదు, కరెంటు పోయినప్పుడు సక్రమంగా ఆపి రెండు మూడు నిమిషాలు ఫ్యాను తిరగనిస్తే చాలు.

వెలుగు తగ్గిందన్న ఫిర్యాదులో సగం మీరే కొనితెచ్చుకున్నది, ఏమనుకోకండి. ఏడడుగుల తెర, 4:3 లెక్కన (వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు), సుమారు 37 చదరపు అడుగులు. పదడుగులది 75. అదే వెలుగును రెట్టింపు చోటులో పరిచారు, కాబట్టి ప్రతి చోటా సగమే పడుతుంది. ల్యాంపు కొత్తదైనా ఇంతే. తెరను ఎనిమిదడుగులకు తగ్గించండి, ప్రొజెక్టరును కాస్త ముందుకు జరపండి లేదా జూమ్ రింగు తిప్పండి. తెర పక్కనే ఉన్న ట్యూబులైటుకు విడిగా స్విచ్ పెట్టించి క్లాసు జరిగేటప్పుడు ఆపండి, వెనకవి వెలుగుతూ ఉన్నా నష్టం లేదు. షెడ్డులో వెలుతురుకని ఫైబర్ రేకు వేసి ఉంటే, అది తెర ముందు భాగంలో ఉంటే, దాన్ని కప్పెయ్యండి. లెన్సును మైక్రోఫైబర్ గుడ్డతో సుతారంగా తుడవండి. చొక్కా అంచు, పంచె కొస, గాజు తుడిచే స్ప్రే వద్దు.

ఇవన్నీ చేశాక కూడా బొమ్మ వెలవెలబోతుంటే ల్యాంపు ముసలిదయిందన్నమాట. నిజానికి ఈ విషయంలో మీ మెకానిక్ మాట సరైనదే కావచ్చు. లెక్క చూడండి: రోజుకు ఆరు గంటలు, నెలకు పాతిక రోజులు అనుకుంటే ఏడాదికి 1,800 గంటలు. మూడేళ్ళకు 5,400. మామూలు మోడ్‌లో చాలా ల్యాంపులకు కంపెనీలు చెప్పే ఆయుష్షు 3,000 నుంచి 5,000 గంటలు. అదీ వెలుగు సగానికి పడిపోయే దాకా అని లెక్క, ఆరిపోయే దాకా కాదు. దీనికి ముందు ఆఫీసులో ఎంత వాడారో ఎవరికి తెలుసు? మెనూలో 'ఇన్ఫో' కింద ల్యాంపు గంటలు కనిపిస్తాయి, కానీ సెకండ్‌హ్యాండ్ సరుకులో ఆ అంకెను నమ్మలేం. ల్యాంపు మార్చకుండా దాన్ని సున్నా చెయ్యడం రెండు బటన్ల పని. మీరు మాత్రం ల్యాంపు మార్చిన రోజునే సున్నా చెయ్యండి, తేదీ రాసి పెట్టుకోండి.

ల్యాంపు కొనేటప్పుడు ప్రొజెక్టరు మోడల్ కాదు, ల్యాంపు పార్టు నంబరు చెప్పి అడగండి. బల్బు ఒక్కటే చౌకగా వస్తుంది, చట్రంతో సహా ఉన్నది ఖరీదెక్కువ. చేయి తిరిగినవాడు దగ్గర లేకపోతే చట్రంతో ఉన్నదే తీసుకోండి. బల్బు గాజుకు వేలు తగలకూడదు. వేలి జిడ్డు ఉన్నచోట గాజు ఎక్కువ వేడెక్కి పగిలిపోతుంది. ఇందులో పాదరసం ఉంటుంది, వెలిగేటప్పుడు లోపలి ఒత్తిడి చాలా ఎక్కువ. ఆయుష్షు మించాక అలాగే వాడితే ఢామ్మని పేలడం అరుదేమీ కాదు. అలా జరిగితే పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, కాసేపు ఎవరూ అక్కడ ఉండకుండా చూడండి. పైకప్పుకు వేలాడే ప్రొజెక్టరులో ల్యాంపు మూత కింది నుంచి తెరిస్తే గాజు ముక్కలు నేరుగా మొహం మీదే పడతాయి. కళ్ళద్దాలు పెట్టుకుని పక్కన నిలబడి తియ్యాలి, లేదా కిందికి దించి తియ్యాలి. పాత ల్యాంపును చెత్తకుండీలో వెయ్యకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వండి.

మెకానిక్‌ను మళ్ళీ పిలిచినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ల్యాంపుకెంత, బోర్డుకెంత విడివిడిగా రాసిమ్మనండి. బోర్డంటే ఏ బోర్డు అని అడగండి. మెయిన్‌బోర్డా, పవర్ సప్లయా, ల్యాంపును వెలిగించే బ్యాలస్టా? ల్యాంపు వెలుగుతూ, మెనూ తెల్లగా వస్తూ, సాయంత్రాలు క్లాసు నడుస్తుంటే ఈ మూడూ బతికే ఉన్నట్టు. అప్పుడు ల్యాంపు డబ్బులు మాత్రమే ఇవ్వండి. మెనూలోనే పసుపు మరకలుంటే ల్యాంపు డబ్బులు కూడా ఇవ్వకండి, ఫిల్టరు శుభ్రం చేసుకుని దొర్లినన్నాళ్ళు దొర్లించి కొత్తదానికి కూడబెట్టండి.

ఆ కొత్తది ఎనిమిది వేలది మాత్రం కాదు. 9,000 ల్యూమెన్లని పెట్టె మీద రాసే అంకెకు ఏ ఆధారమూ ఉండదు. మీరు చూడాల్సింది యాన్సీ ల్యూమెన్లు, లేదా ఐఎస్ఓ ల్యూమెన్లు. అంటే తెర మీద పడిన వెలుగును ఒక పద్ధతి ప్రకారం కొలిచి చెప్పిన అంకె. ఆ ధరలో వచ్చే ఎల్‌ఈడీ బుల్లి ప్రొజెక్టర్లలో చాలావాటికి ఆ లెక్కన కొన్ని వందలే ఉంటాయి. రాత్రిపూట పడగ్గదిలో దీపాలార్పి సినిమా చూసుకోవడానికి బాగానే ఉంటాయి, మీ బావమరిదిని తన ఇంటికి కొనుక్కోమనండి. కిటికీలున్న క్లాసులో నలభై మంది నోట్సు రాసుకుంటూ చూడాలంటే కనీసం 3,000 యాన్సీ ల్యూమెన్లు ఉండాలి, మీ రేకుల షెడ్డుకు 3,500 పైన ఉంటే మేలు. ఇంకో మోసం, '4కే సపోర్ట్' అనే మాట. 4కే వీడియో పెడితే తీసుకుంటుందని మాత్రమే దానికి అర్థం. అసలు ఎన్ని చుక్కలతో బొమ్మ వేస్తుందో 'నేటివ్ రిజల్యూషన్' దగ్గర చూడాలి. చేతిలో డబ్బుండి, రోజంతా వాడేట్టుంటే లేజర్ రకం ఆలోచించండి. కొనేటప్పుడు ఖరీదెక్కువే, కానీ 20,000 గంటల దాకా ల్యాంపు మార్చే బాధ ఉండదు, వేడిగా ఉండగా ఆపి మళ్ళీ వేసినా వెలుగుతుంది. రేకు వేడి బాధ మాత్రం దానికీ ఉంటుంది.

మీ తా.క.కు జవాబు: కాదు, అది బోర్డు జబ్బు కాదు. పైకప్పుకు తలకిందులుగా బిగించినప్పుడు బొమ్మ నిటారుగా రావాలని మెనూలో ప్రొజెక్షన్ మోడ్‌ను 'సీలింగ్' అని పెట్టి ఉంటారు. బల్ల మీద పెట్టగానే అదే సెట్టింగు వల్ల బొమ్మ తిరగబడింది. మెనూలో 'ఫ్రంట్' అని మార్చండి. ఎప్సన్ ప్రొజెక్టర్లు చాలావాటిలో రిమోట్ మీద 'ఏవీ మ్యూట్' బటన్‌ను ఐదు సెకన్లు నొక్కి పట్టుకున్నా బొమ్మ తిరుగుతుంది. అదే బటన్‌ను పొరపాటున ఒక్కసారి నొక్కితే బొమ్మ, శబ్దం రెండూ మాయమై యంత్రం పోయినట్టుంటుంది, మళ్ళీ నొక్కితే వస్తాయి. లాప్‌టాప్‌లో క్రికెట్ యాప్ తెరిస్తే మాటలు వినిపించి బొమ్మ నల్లగా ఉంటే అది కాపీ రక్షణ పని. మధ్యలో కన్వర్టర్ లేకుండా నేరుగా హెచ్‌డీఎంఐతో పెట్టి చూడండి. రిమోట్ పనిచెయ్యడం లేదనిపిస్తే ఫోన్ కెమెరా తెరిచి రిమోట్ ముందు మూతిని చూస్తూ బటన్ నొక్కండి. ఊదారంగు మెరుపు కనిపిస్తే రిమోట్ బాగానే ఉంది, లేకపోతే ముందు బ్యాటరీలు మార్చండి. కొన్ని ఫోన్ల వెనక కెమెరాలో అది కనపడదు, సెల్ఫీ కెమెరాతో చూడండి.

ప్రతి ఆదివారం దించి సోమవారం బిగించడం మాత్రం మానుకోండి. ఆ స్క్రూల మరలు అరుగుతాయి. తప్పదంటే బిగించిన ప్రతిసారీ ప్రొజెక్టరు చట్రానికీ పైకప్పు యాంగిల్‌కూ కలిపి ఒక ఉక్కు సేఫ్టీ వైరు కట్టండి. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. స్క్రూ జారినా పెట్టె ముందు బెంచీ మీద పడకుండా గాలిలోనే ఆగుతుంది.